నిలబెట్టిన పాత కారు కింద ఆయిల్ మరక: కారేది ఎక్కడ, కనిపించేది ఎక్కడ

ఐదేళ్లో పదేళ్లో కవరు కప్పి వదిలేసిన పాత కారు. బ్యాటరీ మార్చారు, ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశారు, నాలుగైదు సార్లు దగ్గి దగ్గి మొత్తానికి ఇంజన్ అందుకుంది. ఆ సంతోషం తెల్లారేసరికి సగం దిగిపోతుంది, ఎందుకంటే కారు కింద అరచేయంత నల్లటి మరక. విచిత్రమేంటంటే అన్నేళ్లు నిలబడి ఉన్నప్పుడు నేల పొడిగానే ఉంది. నిన్న అరగంట తిప్పాక ఒకచోట కాదు, మూడు చోట్ల కారుతోంది.

ఇక్కడి నుంచి సలహాలు మొదలవుతాయి. "పాత బండి కదా, ఆ మాత్రం కారుతుందిలే" అనేవాళ్లు కొందరు, "సీళ్లన్నీ పోయాయి, ఇంజన్ దించాల్సిందే" అనేవాళ్లు కొందరు. రెండింట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. కానీ రెండూ అసలు సంగతిని దాటేస్తాయి. నిలబెట్టిన బండి విషయంలో "ఏ సీల్ పోయింది" అని అడిగే ముందు "ఆయిల్‌ని బయటికి తోస్తున్నది ఏంటి" అని అడగాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు సీల్ అంటే ఏంటో చూడాలి.

నిలబడినన్నాళ్లూ కారనిది తిరగ్గానే ఎందుకు కారుతుంది

ఇంజన్‌లో ఆయిల్‌ని ఆపేవి ప్రధానంగా రెండు రకాలు. కదలని రెండు లోహపు ముక్కల మధ్య పెట్టేది గ్యాస్కెట్, మెకానిక్కుల మాటలో ప్యాకింగ్. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) కింద, ఆయిల్ చాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పైన, టైమింగ్ కవర్ (ఇంజన్ ముందువైపు మూత) వెనక ఉండేవి ఇవే. పాత బండ్లలో ఇవి ఎక్కువగా కార్క్‌తోనో మందపాటి కాగితం లాంటి పదార్థంతోనో చేసి ఉంటాయి. ఇక తిరిగే షాఫ్టు చుట్టూ ఉండేది ఆయిల్ సీల్. దాని లోపలి అంచున సన్నటి రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకి ఆనించి ఉంచడానికి చిన్న స్ప్రింగు. పైకి చూస్తే పెదవి షాఫ్టుని పూర్తిగా అంటుకున్నట్టే ఉంటుంది గానీ, తిరుగుతున్నప్పుడు ఆ రెంటి మధ్య వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచనైన ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొరే పెదవిని కాలిపోకుండా, అరిగిపోకుండా కాపాడేది.

ఇప్పుడు బండిని ఏళ్ల తరబడి ఆపేశామనుకోండి. పైనున్న ఆయిలంతా మెల్లగా చాంబర్‌లోకి దిగిపోతుంది. కార్క్ ఎండి కుంచించుకుపోతుంది, దాంతో ఒకప్పుడు గట్టిగా బిగించిన బోల్టులు ఎవరూ ముట్టుకోకుండానే వదులవుతాయి. రబ్బరు గట్టిపడుతుంది, అంతేకాదు ఏళ్ల పాటు ఒకే తీరున నొక్కుకుని ఉండి ఆ ఆకారానికే అలవాటు పడిపోతుంది, ఒత్తిడి తీసినా మళ్లీ ఉబ్బదు. ఆయిల్ పొర ఆరిపోయిన చోట పెదవి షాఫ్టుకి అతుక్కుంటుంది. తేమ చేరితే సరిగ్గా పెదవి ఆనే చోటే షాఫ్టు మీద సన్నటి తుప్పు గీత పడుతుంది. అలాంటి ఇంజన్‌ని ఒక్కసారిగా స్టార్టర్‌తో తిప్పితే అతుక్కున్న పెదవి చిరుగుతుంది, తుప్పు గీత గరుకు కాగితంలా దాన్ని గీకేస్తుంది. ముందుగా ప్లగ్గులు తీసి, చేత్తో మెల్లగా తిప్పి, ఆ తర్వాత స్టార్టర్‌తో ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా తిప్పాలని అనుభవజ్ఞులు చెప్పే మాట బేరింగుల కోసమే కాదు, సీళ్ల కోసం కూడా.

ఆగి ఉన్నప్పుడు ఎందుకు కారలేదంటే, కారడానికి అక్కడ ఆయిల్ లేదు. చాంబర్‌లో ఆయిల్ మట్టం మామూలుగా క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) సీళ్ల కంటే కిందే ఉంటుంది. ఇంజన్ తిరిగితే అదే ఆయిల్ వేడెక్కి పలచబడి అన్ని మూలలకీ చిమ్ముతుంది, పంపు తర్వాతి దారుల్లో 3, 4 బార్ల ఒత్తిడితో పరుగెడుతుంది. అంటే లీకు నిన్న పుట్టింది కాదు, నిన్న బయటపడింది.

ముందు ఆ మరక ఏ ద్రవానిదో తేలాలి

కారు కింద పడే ప్రతి జిడ్డూ ఇంజన్ ఆయిల్ కాదు. రాత్రి కారు కింద ఒక పెద్ద తెల్లటి అట్టముక్క పరిచి, చక్రాల స్థానాలు దాని మీద గీసి పెడితే తెల్లారేసరికి సగం సమాచారం దాని మీదే ఉంటుంది. ఇంజన్ ఆయిల్ గోధుమ రంగు నుంచి నలుపు. ఎరుపైతే ఆటోమేటిక్ గేర్‌బాక్సుదో పవర్ స్టీరింగ్‌దో అయ్యుండొచ్చు, పాతబడితే అదీ గోధుమ రంగుకి తిరుగుతుంది. చిక్కగా ఉండి గంధకం ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, ఒకసారి చేతికంటితే రెండు రోజులు గుర్తుంటుంది. తియ్యటి వాసనతో పలచగా ఉంటే కూలెంట్. చక్రం లోపలి వైపు లేదా మాస్టర్ సిలిండర్ కింద, జారుడుగా, పెయింటుని లేపేసే ద్రవం కనిపిస్తే అది బ్రేక్ ఫ్లూయిడ్, అప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు బ్రేకులు చూడాలి.

ఈ వాసన లెక్కా ప్రతిసారీ పనిచేయదు. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో గేర్‌బాక్సులో పోసేది కూడా ఇంజన్ ఆయిలే. పాత మినీలో అయితే ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ ఒకటే ఆయిల్, ఒకటే చాంబర్. కాబట్టి "గేర్ ఆయిల్ వాసన రావట్లేదు, ఇది ఇంజన్‌దే" అని తేల్చేయడానికి ముందు ఆ బండి గేర్‌బాక్సు ఏ ఆయిల్ తాగుతుందో తెలిసి ఉండాలి.

బొట్టు పడే చోటు వేరు, చిల్లు ఉన్న చోటు వేరు

ఆయిల్ కిందికి జారుతుంది, ఇది అందరికీ తెలుసు. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలికి అది వెనక్కి కూడా పాకుతుంది. ఫ్యాన్ గాలి కొంత పక్కలకి చల్లుతుంది. చివరికి చాంబర్ అంచునో బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే డొప్ప) అడుగునో, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట బొట్టు కడుతుంది. అందుకే ముందువైపు టైమింగ్ కవర్ దగ్గర కారిన ఆయిల్ చాంబర్ వెనక మూలలో బొట్టుగా కనిపించి, చాంబర్ ప్యాకింగ్ పోయిందన్న నిర్ణయానికి మనల్ని తోసేస్తుంది.

అసలు చోటు పట్టాలంటే తడిగా ఉన్న వాటిలో అన్నిటికంటే పైనున్నదీ, అన్నిటికంటే ముందున్నదీ వెతకాలి. అది కనిపించాలంటే ముందు ఇంజన్ శుభ్రంగా ఉండాలి. పదేళ్ల మడ్డి పేరుకున్న ఇంజన్ మీద కొత్త లీకు వెతకడం బురదలో నీటి బొట్టు వెతకడమే. డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, ఎలక్ట్రికల్ భాగాలు తడవకుండా కడిగి, ఆరనిచ్చి, పావుగంటో అరగంటో తిప్పి టార్చి వేసి చూస్తే చాలావరకు అప్పుడే తెలిసిపోతుంది.

తెలియకపోతే రెండు మూడు పద్ధతులున్నాయి. అనుమానమున్న చోట తెల్లటి పౌడరు చల్లితే ఆయిల్ ముందుగా తాకిన చోట గీత పడుతుంది, చవకైన పని, బాగానే పనిచేస్తుంది. ఆయిల్‌లో కొద్దిగా ఫ్లోరసెంట్ డై కలిపి, తిప్పాక చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చితో చూడటం ఇంకోటి, కారిన దారంతా పసుపుపచ్చగా మెరుస్తుంది. ఎంజీబీ లాంటి బండిలో డైని ఇంజన్‌లో మాత్రమే వేస్తే, గేర్‌బాక్సుతో వచ్చే ఆ గందరగోళం కూడా తీరిపోతుంది. మూడోది, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) గొట్టం ద్వారా చాలా తక్కువ ఒత్తిడితో గాలి పంపి, సబ్బు నీళ్లు రాసి బుడగల కోసం చూడటం. ఇందులో ఒత్తిడి 2 పీఎస్ఐ దాటిందంటే మంచి సీళ్లని కూడా మనమే తోసేసే ప్రమాదముంది, కాబట్టి టైరు నింపే గాలిని తిన్నగా పెట్టేసే పని కాదు.

కొన్ని బండ్లకి వాటి సొంత గుర్తులుంటాయి. గాలితో చల్లబడే పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌లో పుష్‌రాడ్లు (వాల్వుల్ని తెరిచే కడ్డీలు) వెళ్లే గొట్టాలు 8 బయటికే ఉంటాయి, ఒక్కోదానికి రెండు కొసల్లోనూ ఒక్కో రబ్బరు సీల్, అంటే మొత్తం 16 చోట్ల కారే అవకాశం. అక్కడి ఆయిల్ సైలెన్సర్ వేడితో నడిచే హీటర్ పెట్టెల మీద పడుతుంది, దాంతో నేల మీద బొట్టు కంటే ముందు కారు లోపల కాలిన ఆయిల్ వాసన వస్తుంది.

బెల్ హౌసింగ్ కింద బొట్టు: అందరూ భయపడే రియర్ మెయిన్ సీల్

ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య అడుగున బొట్టు కనిపిస్తే ఎవరైనా మొదట అనే మాట "రియర్ మెయిన్ పోయింది". క్రాంక్ షాఫ్టు వెనక చివర ఉండే సీల్ అది. దాన్ని మార్చాలంటే చాలా బండ్లలో గేర్‌బాక్సో ఇంజనో దించాలి, అందుకే ఆ పేరు వింటే అంత టెన్షన్.

కానీ ఆ చోటికి పై నుంచి ఆయిల్ రావడానికి చాలా దారులున్నాయి. షెవర్లె స్మాల్ బ్లాక్ వీ8నే తీసుకోండి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వెనక అంచు, డిస్ట్రిబ్యూటర్ అడుగు, ఆయిల్ ప్రెషర్ సెండర్ (ఒత్తిడిని గేజికి చెప్పే భాగం), టాపెట్ కవర్ల వెనక మూలలు, ఇవన్నీ బెల్ హౌసింగ్‌కి పైనే ఉంటాయి. వీటిలో ఏది కారినా ఆయిల్ బ్లాకు వెనక గోడ మీదుగా జారి సరిగ్గా రియర్ మెయిన్ లీకు లాగే కింద బొట్టు కడుతుంది. అవి పొడిగా ఉన్నాయని తేలాక మాత్రమే సీల్ వంతు వస్తుంది. అప్పుడు కూడా ఏ సీల్ అన్నది చూడాలి: ఆ ఇంజన్‌లో 1985 దాకా రెండు ముక్కల సీల్, 1986 నుంచి ఒకటే ముక్క. రెండు ముక్కలదైతే క్రాంక్ షాఫ్టు తీయకుండానే, చాంబర్, వెనక బేరింగ్ క్యాప్ దించి మార్చొచ్చు. మోడల్ సంవత్సరం తెలియకుండా "ఇంజన్ దించాలి" అన్నవాళ్లు అక్కర్లేని పని చెబుతుండొచ్చు.

దీనికి ఇంకా చిక్కు కేసు ఒకటుంది. 1962లో వచ్చిన తొలి ఎంజీబీల మూడు బేరింగుల ఇంజన్‌లో వెనక రబ్బరు సీల్ అన్నదే లేదు. క్రాంక్ షాఫ్టు చివర మర దారాల్లా ఒక గాడి ఉంటుంది, షాఫ్టు తిరిగేటప్పుడు అది ఆయిల్‌ని మళ్లీ లోపలికి తోస్తుంది. ఆగిపోతే తోసేది ఏమీ లేదు, మిగిలేది సన్నటి సందు మాత్రమే. ముక్కు పైకి ఉండేలా ఏటవాలు మీద నిలబెడితే ఆయిల్ వెనక్కి చేరి నాలుగు బొట్లు రాలుతుంది. 1964 చివర్లో అయిదు బేరింగుల ఇంజన్ వచ్చాక గానీ అక్కడ పెదవి ఉన్న సీల్ పెట్టలేదు. "సీల్ మార్చండి" అని గేర్‌బాక్సు దించితే లోపల మార్చడానికి సీలే ఉండని బండి అది. "పాత బండ్లు కారతాయిలే" అనే మాట ఇలాంటి చోట నూటికి నూరుపాళ్లు నిజం, మిగతా చాలా చోట్ల బద్ధకం.

ఇంకో పాతకాలపు రకం తాడు సీల్. గ్రాఫైట్ పట్టించిన తాడుని గాడిలో నొక్కి పెడతారు. కొన్ని జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్లలోనూ, పాత అమెరికన్ ఇంజన్లు కొన్నింటిలోనూ ఇదే. నిలబెట్టినప్పుడు ఇది ఎండి గట్టిపడుతుంది, నూనె తగిలాక కొంత తేరుకుంటుంది. పాత తాళ్లలోనూ పాత గ్యాస్కెట్లలోనూ ఆస్బెస్టాస్ ఉండొచ్చు, వాటిని పొడిగా గీకి దుమ్ము లేపడం ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి తీయడం నయం.

ఇంజన్‌కి ఊపిరాడకపోతే మంచి సీల్ కూడా కారుతుంది

మొదట్లో నేనన్న "తోస్తున్నది ఏంటి" అన్న ప్రశ్న ఇక్కడికే వస్తుంది. సిలిండర్‌లో మండే వాయువులో కొంత పిస్టన్ రింగులు దాటి కిందికి, క్రాంక్ షాఫ్టు తిరిగే గది అయిన క్రాంక్ కేసులోకి వస్తుంది. కొత్త ఇంజన్‌లోనూ వస్తుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ అని ఒక దారి ఉంటుంది. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. అప్పుడు మీరు టాపెట్ కవర్ ప్యాకింగ్ మారిస్తే చాంబర్ దగ్గర కారుతుంది, అక్కడ మారిస్తే ముందువైపు సీల్ దగ్గర. ఒకేసారి నాలుగైదు చోట్ల లీకు మొదలైందంటే నాకు మొదటి అనుమానం బ్రీదర్ మీదే.

నిలబెట్టిన కార్లలో ఇది మరీ ఎక్కువ. మడ్డి ఎండిపోయి గొట్టం పూడుకుపోతుంది, రబ్బరు హోసు లోపలికి నలిగి మూసుకుంటుంది, వాల్వు జిగురుపట్టి కదలదు. పురుగులు మట్టి గూళ్లు కడతాయి, ఎలుకలు గుడ్డపీలికలు కుక్కుతాయి. ఇంజనంతా దించి సీళ్లన్నీ మార్చి చివరికి బ్రీదర్ గొట్టంలో గూడు దొరికిందంటే, కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న సామెత అక్షరాలా జరిగినట్టే.

పాత బండ్లలో బ్రీదర్ కూడా ఒకే తీరుగా ఉండదు. 1950ల నాటి చాలా ఇంజన్లలో కారు కిందికి దిగే ఒక గొట్టం మాత్రమే, దాని చివర ఏటవాలుగా కోసి ఉంటుంది, బండి పరుగెత్తేటప్పుడు గాలి దాని పక్క నుంచి పోతూ లోపలి ఆవిరిని లాగుతుంది. ఆగి ఉంటే లాగేది లేదు. 1960ల మొదట్లో అమెరికాలో, అందులోనూ ముందు కాలిఫోర్నియాలో, ఆ ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు వచ్చింది. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, మొదటి రకం బండిని షెడ్డులో నిలబెట్టి గంటసేపు ఐడిల్‌లో తిప్పి "చూడండి ఎలా కారుతోందో" అంటే అది రోడ్డు మీద నడిచే తీరుకి సరైన పరీక్ష కాదు.

పీసీవీ ఉన్న బండిలో పరీక్ష తేలిక. ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద పలచటి కాగితం పెడితే అది మెల్లగా లోపలికి అంటుకోవాలి. పైకి ఎగురుతుంటే, పొగ బుసబుసమంటుంటే లెక్క తప్పింది. అప్పుడు రెండే సంగతులు: దారి మూసుకుంది, లేదా దారి బాగానే ఉన్నా వచ్చే వాయువే మరీ ఎక్కువ. రెండోదైతే రింగుల కథ. ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌లో రింగులు గాడుల్లో బిగుసుకుపోతాయి. కంప్రెషన్ కొలిచి, తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, ఈసారి బాగా పెరిగిందంటే వేలు రింగుల వైపే చూపిస్తుంది. బిగుసుకున్న రింగులు కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక విడివడటం కూడా ఉంది, అందుకే ఆ ఒక్క కొలతతోనే ఇంజన్ విప్పేయక్కర్లేదు.

ఇదే కథ వెనక యాక్సిల్‌లోనూ జరుగుతుంది, అక్కడ ఎవరూ చూడరు. డిఫరెన్షియల్ మీద చిన్న బ్రీదర్ ఉంటుంది, మట్టితో పూడుకుపోతే వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఆయిల్‌ని చక్రాల వైపు సీళ్లలోంచి తోస్తుంది, అది పోయి బ్రేక్ షూల మీద పడుతుంది.

డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగితే

కారుతున్న ఇంజన్‌లో ఆయిల్ తగ్గాలి కదా. పెరిగిందంటే? చాలా పాత కార్లలో పెట్రోలు పంపు ఇంజన్ పక్కనే బిగించి ఉంటుంది, లోపల ఒక రబ్బరు పొర కిందికీ పైకీ ఆడుతూ పెట్రోలుని లాగుతుంది. ఏళ్లు నిలబడ్డాక ఆ పొర పగిలితే పెట్రోలు నేరుగా క్రాంక్ కేసులోకి దిగుతుంది. కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ సూది ఇరుక్కున్నా పొంగిన పెట్రోలు సిలిండర్ల మీదుగా అక్కడికే చేరొచ్చు.

ఒక ఉదాహరణ. స్టార్ట్ చేసిన రోజు మట్టం సరిగ్గా పై గీత దగ్గర ఉంది. వారంలో నాలుగు సార్లు తిప్పారు, ముందు సీల్ దగ్గరా చాంబర్ చుట్టూ ధారగా కారుతోంది. డిప్‌స్టిక్ తీస్తే మట్టం గీతకి వేలెడు పైన, ఆయిల్ నీళ్లలా పలచగా, ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన. ఇక్కడ సీల్ మార్చినా ఉపయోగం లేదు, పలచబడిన ద్రవం ఏ సందులోంచైనా దూరిపోతుంది. పైగా లీకు ఈ కథలో చిన్న పాత్ర, పలచబడిన ఆయిల్ బేరింగులని తినేస్తుంది, లోపల పెట్రోలు ఆవిరి నిండిన ఇంజన్‌ని తిప్పడం నిప్పుతో చెలగాటం. పంపు బాగుచేసి ఆయిలూ ఫిల్టరూ మార్చేదాకా స్టార్ట్ చేయకపోవడమే సరి. వాసన లేకుండా మజ్జిగ రంగులో నురగగా ఉంటే నీళ్లు కలిశాయి, టాపెట్ కవర్ మూత కింద కొద్దిగా ఉంటే తేమ, డిప్‌స్టిక్ నిండా ఉంటే హెడ్ గ్యాస్కెట్ లాంటి పెద్ద విషయం.

ఆటోమేటిక్ గేర్‌బాక్సుది దీనికి దగ్గర చుట్టం లాంటి సమస్య. చాలా వాటిలో నెలల తరబడి నిలబెడితే టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజన్‌ని గేర్‌బాక్సుకి కలిపే భాగం) ఫ్లూయిడ్ కారి పాన్‌లోకి, అంటే గేర్‌బాక్సు అడుగు తొట్టిలోకి దిగిపోతుంది. మామూలుగా పొడిగా ఉండే గేర్ లివర్ షాఫ్టు సీల్, పాన్ అంచు అప్పుడు మునిగిపోతాయి, కారడం మొదలవుతుంది. స్టార్ట్ చేసి కాసేపు తిప్పితే ఫ్లూయిడ్ మళ్లీ కన్వర్టర్‌లోకి ఎక్కుతుంది, లీకు మాయం. వారానికోసారి నడిపే బండిలో ఇది కనిపించదు, ఆరు నెలలు ఆపితే ఎర్రటి మడుగు కడుతుంది. ఆ సీల్ గట్టిపడిందన్నది నిజమే, కానీ అదే బండి వాడకంలో ఉంటే ఆ సంగతి మీకు తెలిసేదే కాదు.

బొట్లని లీటర్లలోకి మార్చి చూస్తే

భయపడాలా వద్దా అన్నది లెక్క వేస్తే తేలుతుంది. లెక్క సులువు కోసం 25 బొట్లు ఒక మిల్లీలీటరు అనుకుందాం. రాత్రికి 10 బొట్లు పడితే 0.4 మి.లీ., నెలకి 12 మి.లీ. డిప్‌స్టిక్ రెండు గీతల మధ్య దూరం ఒక లీటరు అయితే ఆ లెక్కన అంత పోవడానికి దాదాపు ఏడేళ్లు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ ఇంజన్‌కి ఏమీ కాదు.

అదే బండి నడుస్తున్నప్పుడు ప్రతి 50 మీటర్లకి ఒక బొట్టు రాల్చిందనుకోండి. 100 కిలోమీటర్లకి 2000 బొట్లు, అంటే 80 మి.లీ. 1000 కిలోమీటర్లకి 800. ఆగినప్పుడు అట్టముక్క మీద రెండే బొట్లు చూపించే బండి కూడా రోడ్డు మీద ఇంత తాగొచ్చు. అందుకే నేల మీద మరక కంటే డిప్‌స్టిక్, ఓడోమీటరు కలిపి రాసుకున్న చిట్టా నమ్మదగ్గది.

మూడో రకం ఒత్తిడి ఉన్న చోట్ల లీకు: ఆయిల్ కూలర్ హోసులు, ప్రెషర్ గేజికి వెళ్లే సన్నటి గొట్టం, సెండర్, ఫిల్టర్ రబ్బరు రింగు. అక్కడ సెకనుకి ఒక మి.లీ. పోయినా 17 నిమిషాల్లో లీటరు. పగుళ్లు కనిపించే ఆయిల్ హోసు ఇవాళ కారకపోయినా మార్చాల్సిందే, దాని మీద ఎవరికీ భేదాభిప్రాయం లేదు. సైలెన్సర్ మ్యానిఫోల్డ్ మీద పడే ఆయిలూ (మంట), క్లచ్ మీదికి చేరే ఆయిలూ, బ్రేకుల మీదికి చేరేదీ ఎన్ని బొట్లన్న లెక్కతో పనిలేకుండా ముందు చూడాల్సినవే.

నడిపి చూడాలా, అన్నీ మార్చేయాలా

ముందు నడపండి అనేవాళ్ల వాదన ఇది: ఎండిన సీల్ ఆయిల్ తగిలాక, వేడి తగిలాక కొంత మెత్తబడి ఉబ్బుతుంది, మొదటి రోజు కారిన చోట నాలుగు వందల కిలోమీటర్ల తర్వాత చెమ్మ మాత్రమే మిగలొచ్చు. వదులైన బోల్టులు మెల్లగా సమానంగా బిగిస్తే కార్క్ ప్యాకింగులు కొన్ని పొడిబారతాయి. నిజమే, చూసిందే. రెండో పక్షం చెప్పేది కూడా తీసిపారేసేది కాదు: ముప్పై ఏళ్ల రబ్బరు ఇంకెన్నాళ్లు బతుకుతుంది, క్లచ్ కోసం ఎలాగూ గేర్‌బాక్సు దించినప్పుడు పక్కనే కనిపిస్తున్న సీల్ వదిలేస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ అదే పని. నాకైతే తేడా ఖర్చు కంటే శ్రమలో ఉందనిపిస్తుంది. పై నుంచి చేయి పెడితే అందే వాటిని నడిపి చూసి నిర్ణయించొచ్చు. దించితే గానీ అందని వాటిని, దించడానికి వేరే కారణం వచ్చిన రోజు మార్చడం తెలివి. గుర్తుంచుకోవాల్సిందేంటంటే చిరిగిన పెదవి, గాడిపడ్డ షాఫ్టు ఎన్ని కిలోమీటర్లు నడిపినా బాగుపడవు.

లీకు ఆపే సీసా మందుల మీద గొడవ ఇంకా పెద్దది. వాటిలో చాలావరకు చేసేది రబ్బరుని కాస్త మెత్తబరచి ఉబ్బించడం. గట్టిపడిన సీల్ చెమరుస్తుంటే కొన్నాళ్లు ఫలితం కనిపించొచ్చు. కార్క్ మీద, కాగితం మీద, చిరిగిన రబ్బరు మీద అవి చేయగలిగింది లేదు, మోతాదు మించితే బాగున్న సీళ్లని కూడా మరీ మెత్తగా చేస్తాయి. బ్రేక్ ఫ్లూయిడ్ కొంచెం ఇంజన్‌లో పోస్తే చాలన్న పాత చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. అది సీల్‌ని ఉబ్బించే మాట నిజమే, ఆ తర్వాత దాన్ని పాడుచేసే మాటా నిజమే.

సింథటిక్ ఆయిల్ పోస్తే పాత బండి కారుతుందన్న మాట పుట్టింది గాలిలోంచి కాదు. 1970లలో వచ్చిన తొలి సింథటిక్ ఆయిళ్లు అప్పటి సీళ్లని కొంత కుంచింపజేసేవి. తర్వాత సీల్‌ని ఉబ్బించే ఎస్టర్లు కలిపి ఆ లోటు సరిచేశారు. ఇప్పుడు మిగిలిన నిజం వేరే: చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ కోసం చేసిన ఇంజన్‌లో పలచటి 5డబ్ల్యూ-30 పోస్తే ఆ పలచదనం సందుల్ని వెతుక్కుంటుంది, అలాగే కొత్త ఆయిల్‌లోని డిటర్జెంట్లు ఇన్నాళ్లూ మడ్డి అడ్డుకున్న పగుళ్లని శుభ్రంగా తెరుస్తాయి. అది ఆయిల్ చేసిన పాపం కాదు, మడ్డి దాచిన లీకు.

మార్చాక కూడా ఎందుకు కారుతుంది

కొత్త ప్యాకింగ్ వేసినా వారంలో మళ్లీ చెమ్మ. చాలాసార్లు తప్పు ప్యాకింగ్‌ది కాదు, అది కూర్చునే చోటుది. రేకుతో చేసిన టాపెట్ కవర్‌నీ ఆయిల్ చాంబర్‌నీ ఎవరో ఒకప్పుడు కసితీరా బిగించి ఉంటారు, బోల్టు రంధ్రాల చుట్టూ రేకు పైకి పొంగి, రెండు బోల్టుల మధ్య నొక్కు తగ్గిపోతుంది. ఇంకా గట్టిగా బిగిస్తే ఇంకా పొంగుతుంది, కార్క్ నలిగి బయటికి వస్తుంది. చదునైన చెక్క మీద పెట్టి ఆ గుబ్బల్ని సుత్తితో సరిచేసి, కొత్త ప్యాకింగ్ వేసి, మాన్యువల్‌లో చెప్పినంతే బిగిస్తే పోయేదానికి నేను ఒకసారి మూడు ప్యాకింగులు తగలేశాను.

సిలికాన్ పేస్టు మీద కూడా రెండు అభిప్రాయాలున్నాయి. రెండు ముక్కలు కలిసే మూలల్లో చిన్న చుక్క పెట్టడం చాలా మాన్యువల్స్‌లోనే ఉంటుంది, దాన్ని ఎవరూ కాదనరు. గ్యాస్కెట్ అంతటా దట్టంగా పూయడంతోనే తంటా. తడిగా ఉన్న సిలికాన్ మీద కార్క్, రబ్బరు జారి బిగింపుకి బయటికి తోసుకొస్తాయి, లోపలి వైపు పొంగిన అంచు ఎప్పుడో ఊడి ఆయిల్ పంపు జల్లెడ దగ్గర చేరుతుంది. పలచగా ఒక పొర, అదీ కవర్ వైపు మాత్రమే రాస్తే తర్వాత విప్పడం తేలికన్నది మధ్యేమార్గం.

షాఫ్టు మీద గోరు పెట్టి లాగితే తగిలేంత గాడి ఉంటే కొత్త సీల్ పెదవి కూడా అదే గాడిలో కూర్చుంటుంది. వీలున్న చోట సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో జరిపి గాడి లేని చోట ఆనిస్తారు, లేదంటే షాఫ్టు మీద పలచటి స్టీలు తొడుగు వేస్తారు. ఆ తొడుగుల మందం 0.28 మి.మీ. దగ్గర ఉంటుంది, కాబట్టి మామూలు సైజు సీలే సరిపోతుంది. డ్రెయిన్ ప్లగ్ రాగి వాషర్ వాడేకొద్దీ గట్టిపడుతుంది, ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది, ఇంకోటి కొనడం కూడా తప్పేం కాదు. ఫిల్టర్ మార్చిన వెంటనే ధారగా కారితే పాత రబ్బరు రింగు గాడిలోనే అతుక్కుని ఉండి దాని మీద కొత్తది కూర్చుందేమో చూడాలి, నిలబెట్టిన బండ్లలో ఇది చాలా మామూలు.

ఇవన్నీ సరిచేశాక కూడా రెండు మూడు రోజులు అట్టముక్క మీద మరకలు పడుతూనే ఉంటాయి. చాంబర్ అంచు మడతలోనూ బెల్ హౌసింగ్ లోపలా దాక్కున్న పాత ఆయిల్ వేడికి కరిగి నిదానంగా దిగుతుంది. అది కొత్త లీకా పాతదా అన్నది కడిగి, అట్ట మార్చి, ఇంకో వంద కిలోమీటర్లు నడిపాక గానీ తెలియదు.